డేవిస్ హాల్‌లో వయొలిన్ కాన్సర్ట్: టికెట్ కొనేముందు సీటు సంగతి చూస్కోండి

బే ఏరియాలో ఉంటూ డేవిస్ హాల్‌లో వాయించే శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీ ఆర్కెస్ట్రా కచేరీకి ఒక్కసారైనా వెళ్దాం అనుకునేవాళ్ళు మొదటిసారికి వయొలిన్ సోలోయిస్ట్, అంటే ఆర్కెస్ట్రా ముందు నిలబడి ఒక్కరే ప్రధానంగా వాయించే మనిషి, ఉన్న ప్రోగ్రామే పట్టుకోండి, మనకి కచేరీల్లో ఫిడేలు అలవాటే కాబట్టి చెవి తొందరగా దారిలో పడుతుంది.

ముందు సింఫనీ వాళ్ళ సొంత సైట్‌లో క్యాలెండర్ తెరవండి. గూగుల్‌లో కొడితే పైన యాడ్స్‌లో అచ్చం హాల్ సైట్‌లాగే కనిపించే రీసేల్ సైట్లు వస్తాయి, అదే సీటుకి ఎక్కువ రేటు గుంజుతారు, వాటి జోలికి పోకండి. ప్రోగ్రాంలో వయొలిన్ కాన్చెర్టో (సోలో వయొలిన్‌కీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన పీస్) అని ఉందా, ఏ కంపోజర్‌ది అని చూడండి. మెండెల్‌సోన్ రాసిన E మైనర్ కాన్చెర్టో అయితే అరగంటలోపే, చైకోవ్‌స్కీది 35 నిమిషాలు, బీథోవెన్‌ది 40 దాటేస్తుంది. కొత్తవాళ్ళకి, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి మొదటి రెండిట్లో ఏదైనా హాయిగా ఉంటుంది. ఒకటే ప్రోగ్రాం ఆ వారంలో రెండు మూడు రోజులు వేస్తారు, అన్ని రోజులూ క్లిక్ చేసి రేట్లు పోల్చుకోండి, శనివారం రాత్రి కంటే గురువారమో ఆదివారం మధ్యాహ్నమో చవగ్గా దొరకొచ్చు.

ఇక అసలు విషయం సీటు. మన కచేరీల్లో మైక్ ఉంటుంది, ఏ వరసలో కూర్చున్నా స్పీకర్లోంచి ఒకేలా వినపడుతుంది. ఇక్కడ మామూలుగా మైక్ ఉండదు, 2,700 పైచిలుకు సీట్ల హాల్లో ఆ ఒక్క వయొలిన్ అంత ఆర్కెస్ట్రా మీంచి మన దాకా రావాలి. సోలోయిస్ట్, ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్‌కి ఎడమపక్కన నిలబడి, వయొలిన్ పైపలక మీద ఎఫ్ అక్షరంలా ఉండే రంధ్రాలు ప్రేక్షకుల వైపు తిరిగేలా పట్టుకుని వాయిస్తారు. అంటే శబ్దం ముందుకే ఎక్కువ వస్తుంది. స్టేజీ వెనక సెంటర్ టెర్రస్ అని సీట్లుంటాయి, చవక, కండక్టర్ మొహం ఎదురుగా కనపడుతుంది, సోలోయిస్ట్ లేకుండా ఆర్కెస్ట్రా ఒక్కటే వాయించే ప్రోగ్రాంలకైతే నేను కళ్ళు మూసుకుని అవే కొనమంటాను. వయొలిన్ రాత్రికి మాత్రం వద్దు, సోలోయిస్ట్ వీపు చూస్తూ, ఎదురుగా ఉన్న హార్న్స్, డ్రమ్స్ మోత వింటూ కూర్చోవాలి. దానికి బదులు సెకండ్ టియర్ అనే పై బాల్కనీలో మధ్య బ్లాక్ తీస్కోండి, పైన కాబట్టి మనిషి చిన్నగా కనిపిస్తారు గానీ సౌండ్ చక్కగా కలిసి వస్తుంది. వేళ్ళు, బో (కమాను) దగ్గర్నుంచి చూడాలనుకుంటే కింద స్టేజీ ముందుండే, ఆర్కెస్ట్రా సెక్షన్ అని పిలిచే సీట్లలో ముందు వరసలు, నడిమికి కొంచెం ఎడమగా, అక్కడ బో తీగని గీకే చప్పుడు కూడా వినిపిస్తుంది, కాకపోతే వెనక ఫ్లూట్లు క్లారినెట్లు సరిగ్గా కనపడవు.

సైట్‌లో సీట్ల మ్యాప్‌లో సీటు నొక్కగానే చూపించే రేటు చూసి సంబరపడొద్దు, చెకౌట్‌లో ఫీజులు కలిశాక ఎంతయిందో చూసి అప్పుడు కార్డు గీకండి. సింగిల్ టికెట్‌కి రిఫండ్ సాధారణంగా ఉండదు. ఏడాదిలో మూడు నాలుగు సార్లు వెళ్తాం అనుకుంటే సబ్‌స్క్రిప్షన్ (కొన్ని కచేరీల టికెట్లు ఒకేసారి కొనుక్కోవడం) చూడండి, డేట్ కుదరకపోతే మార్చుకునే వీలుంటుంది, మంచి సీట్లు కూడా ముందు వాళ్ళకే పోతాయి.

లేటుగా మాత్రం వెళ్ళకండి. కాన్చెర్టో దాదాపు ఎప్పుడూ ఇంటర్వెల్‌కి ముందే, దానికి ముందు పది నిమిషాల చిన్న పీస్ ఒకటి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. తలుపులు మూశాక వాయిద్యం ఆగేదాకా లోపలికి పంపరు, ఒక్కోసారి మనం కొన్నది ఎవరికోసమో ఆ మనిషి వాయించేసి వెళ్ళిపోయాక ఇంటర్వెల్‌లో లోపలికి వెళ్తాం. కారైతే పార్కింగ్‌కి అరగంట ఎక్స్‌ట్రా వేస్కోండి, బార్ట్ ట్రైన్ అయితే సివిక్ సెంటర్ స్టేషన్‌లో దిగి పది నిమిషాల నడక, తిరుగు ట్రైన్ టైం మాత్రం బయల్దేరేముందే చూస్కోండి, ఎందుకంటే రాత్రిపూట ట్రైన్లు పలచబడతాయి.