రెటినోస్కోపీ తేడా కొడుతోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

పవర్ కొలిచే మెషీను, ఆటోరిఫ్రాక్టర్, పాడై నాలుగు రోజులు మూలన కూర్చుంటే గానీ నా చేయి ఎంత మొద్దుబారిందో తెలిసిరాలేదు. రెటినోస్కోపీ అంటే కంట్లో లైటు గీత ఆడించి, కంటిపాపలో కనబడే వెలుగు (రిఫ్లెక్స్) కదలికను బట్టి అద్దాలు మారుస్తూ పవర్ తేల్చడం. అలా వచ్చిన పవర్ ట్రయల్ ఫ్రేమ్‌లో (అద్దాలు మార్చి చూసే ఫ్రేమ్) పెడితే ఒక్కరూ చివరి లైను చదవలేదు. ప్రతివాళ్లకీ మైనస్ వైపు ఇంకో అర కలపాల్సి వచ్చింది. పెద్దవాళ్లనైతే "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగి సర్దుకుంటాం. మూడేళ్ల పిల్లాణ్ని ఏమని అడుగుతాం? అంతకు నెల ముందే రెండు ఆన్‌లైన్ క్లాసులు విని సర్టిఫికెట్లు దాచుకున్న మనిషిని నేను.

మా విజన్ సెంటర్‌కు ప్రాక్టీసుకు వచ్చే విద్యార్థులకు ఇప్పుడు చెప్పేది ఇదే: ఏ తేడా కనబడితే ఎక్కడ వెతకాలి.

అందరికీ ఒకే వైపు, ఇంచుమించు ఒకే తేడా

కూర్చునే దూరం మారిపోయింది. 67 సెంటీమీటర్ల దూరంలో ఉన్నామనే లెక్కతో వచ్చిన పవర్లోంచి 1.50 తీసేస్తాం. 50కి జరిగితే తీయాల్సింది 2.00. చేయి మాత్రం అలవాటుగా 1.50 తీసి రాసేస్తుంది, అర పవర్ ప్లస్ మిగిలిపోతుంది. అదే వెనక్కి 80కి జరిగితే తేడా పావే. కాబట్టి ముందుకు వంగితేనే నష్టం ఎక్కువ. మనం వంగేదీ ముందుకే, రిఫ్లెక్స్ మసగ్గా ఉన్నప్పుడూ, మధ్యాహ్నానికి నడుం వాలినప్పుడూ.

పూలు కట్టే దారం 67 సెంటీమీటర్లు కొలిచి ఒక కొస రెటినోస్కోప్ మెడకు ముడేశాను. రెండో కొస ట్రయల్ ఫ్రేమ్‌కు అందాలి, మధ్యలో వేలాడకూడదు. పొద్దున సరిగ్గానే ఉన్న దారం సాయంత్రానికి ఉయ్యాలలా వేలాడింది. టేపు పెట్టి కొలిస్తే 52! మీ చేయి పొట్టిదైతే 67తో కుస్తీ పట్టకండి. 50కే కూర్చుని 2.00 తీయండి. ఏదో ఒక దూరానికి కట్టుబడితే చాలు.

రిఫ్లెక్స్ నిలకడగా ఉండదు, ఇప్పుడు చూసింది మరో నిమిషానికి మారిపోతుంది

పిల్లల్లో ఇది రోజూ ఉండేదే. పిల్లాడు దూరంగా కాక మీ లైటును చూస్తున్నాడు, కన్ను దగ్గరకు ఫోకస్ పట్టేసింది. కంటిపాప కుంచించుకుపోవడం గమనిస్తే గుట్టు తెలిసిపోతుంది. "అక్కడ చూడు నాన్నా" అంటే వినేవాళ్లెవరు? వాళ్లమ్మ చేతికి ఫోనిచ్చి, బొమ్మల వీడియో పెట్టించి, గది అవతలి కొసన నిలబెడతాను. రెండో కంటికి కూడా ప్లస్ అద్దం వేసి మసకబరచడం మరిచిపోవద్దు.

అప్పటికీ లొంగకపోతే డాక్టరు చెప్పిన మీదట చుక్కల మందు. ఇక్కడే చాలామంది తొందరపడతారు. కంటిపాప విప్పారడం వేరు, ఫోకస్ పట్టు సడలడం వేరు. సైక్లోపెంటోలేట్ 1 శాతం చుక్కలు వేశాక 30 నుంచి 45 నిమిషాలు ఆగాల్సిందే. విప్పారిన పాపలో అంచుల్లోని వెలుగు ఒకలా, నడిమి వెలుగు మరోలా కదులుతాయి. నడుమ ఉన్నదాన్నే నమ్మండి.

చూసిన ప్రతివాళ్లకీ 90 దగ్గర చిన్న మైనస్ సిలిండర్

సిలిండర్ అంటే అన్ని దిశల్లో ఒకేలా లేని పవర్, దాని కోణమే యాక్సిస్. ఊళ్లో అందరికీ ఒకే యాక్సిస్ ఉండదు కదా. మీరు పక్కకు జరిగి చూస్తున్నారు. రోగి కుడి కన్ను మీ కుడి కన్నుతో, ఎడమ కన్ను మీ ఎడమ కన్నుతో చూడాలి. రెండింటికీ ఒకే కన్ను వాడేవాళ్లు ఒక వైపు తప్పకుండా ఏటవాలుగా చూస్తారు, ఆ వాలే సిలిండర్ అవతారం ఎత్తుతుంది. మీ తల రోగి చూపుకు అడ్డం రాకుండా, కానీ ఆ గీతను ఆనుకునే ఉండండి.

విత్, ఎగైనెస్ట్ తారుమారు

లైటు గీత జరిపిన వైపే రిఫ్లెక్స్ కదిలితే విత్, ఎదురు కదిలితే ఎగైనెస్ట్. కొత్త రెటినోస్కోప్ చేతికొచ్చిన రోజు ఇవి తారుమారవుతాయి. స్లీవ్ (పిడి మీద పైకీ కిందికీ జరిగే తొడుగు) పైకా, కిందికా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. లైటు గోడ మీద వేస్తూ వెనక్కి జరగండి. గీత అంతకంతకూ వెడల్పయితే సరే. ఒకచోట సన్నబడి మళ్లీ విప్పారితే స్లీవ్ రెండో వైపుంది.

రిఫ్లెక్సే కనబడదు

ముందు బ్యాటరీ చూసుకోండి, నవ్వకండి. తర్వాత ప్లస్ 5, మైనస్ 5, మైనస్ 10 అద్దాలు ఒక్కొక్కటి వేసి చూడండి. పెద్ద పవర్ ఉన్న కంట్లో వెలుగు మసగ్గా, బద్ధకంగా కదులుతుంది. దేనికీ పలక్కపోతే శుక్లమో మరొకటో అడ్డుందని అర్థం, డాక్టరు దగ్గరికి పంపండి.

కత్తెరలా రెండు వెలుగులు విడిపోయి కలుస్తుంటే

తప్పు మీ చేతిది కాకపోవచ్చు. కుర్రవాళ్లలో ఇలా కనబడి, పవర్ తరచూ మారుతోందంటే కెరటోకోనస్ (కంటి ముందుపొర కార్నియా శంకువులా పొడుచుకురావడం) అనుమానించాలి. కళ్లు నలుపుకునే అలవాటుందా అని అడిగి, కార్నియా పరీక్షకు రాయండి. 1873లో ఈ పద్ధతిని బయటపెట్టిన ఫ్రెంచి సైనిక వైద్యుడు కుయ్‌నే ఈ కదలికంతా కార్నియాదే అనుకుని కెరటోస్కోపీ అని పేరు పెట్టాడు. అంత పెద్దాయనే లక్షణం పట్టుకుని కారణం దగ్గర తప్పాడు.

ఇక సాధన. 2021 చట్టంతో ఆప్టోమెట్రీ (మన చూపు పరీక్షల వృత్తి) కూడా అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ పరిధిలోకి వచ్చింది, కాగితాల పని ఎలాగూ తప్పదు. చేతి పని వేరే చేసుకోవాలి. మోడల్ ఐ (సాధనకు వాడే నకిలీ కన్ను) లేకపోతే తోటివాళ్ల ట్రయల్ ఫ్రేమ్‌లో మూడోవారి చేత తెలియని అద్దం వేయించండి, అదెంతో మీరు చెప్పండి. రోజుకు పది కళ్లు ఆటోరిఫ్రాక్టర్ కంటే ముందు చూసి నోటుబుక్కులో రాయండి. పక్క గడిలో రోగి చివరికి ఒప్పుకున్న పవర్ రాయాలి, మెషీను చీటీలోది కాదు.

నిన్నటి పేజీలో పదింట ఎనిమిది పావు లోపే ఉన్నాయి. తప్పిన రెండూ సాయంత్రం ఐదు దాటాక చూసినవి. దారం ఇంకా విప్పలేదు.