మూతపడ్డ ఫ్యాక్టరీ షెడ్డు నలుగురూ కూడే చోటు కావాలంటే

పాత షెడ్డు చేతికి రాగానే అందరికీ తోచేది ఊడ్చి, కడిగి, రంగులు వేయడం. ముందు చీపురు పక్కన పెట్టండి. పైకప్పు రేకులు ఆస్‌బెస్టాస్ సిమెంటువి కావచ్చు. ఆవిరి గొట్టాలకు చుట్టిన పూతలోనూ ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. పొడి దుమ్ము ఊడిస్తే కంటికి కనపడని పోగులు గంటల తరబడి గాల్లో తేలుతూ ఊపిరితిత్తుల్లో చేరతాయి. నమూనాను ల్యాబుకు పంపి తేల్చుకోండి. రేకులు తీయాల్సి వస్తే తడిపి, బోల్టులు విప్పి, విరగకుండా నిండు రేకుగానే దించి, మందపాటి పాలిథిన్‌లో రెండు పొరలుగా చుట్టాలి. వాటి మీద కాలు పెట్టొద్దు, పాత రేకు మనిషి బరువుకు విరుగుతుంది. గొట్టాల పూత ఇంకా ప్రమాదం. దాన్ని లైసెన్సున్న వాళ్లకే వదిలేయండి.

తర్వాత అక్కడ ఏం తయారయ్యేదో కనుక్కోండి. అద్దకం, లోహపు పూత, తోళ్ల పని జరిగిన చోట మట్టిలో క్రోమియం, ద్రావకాలు మిగిలి ఉంటాయి. పూడ్చేసిన గుంటలు, నేలలోని నూనె ట్యాంకులు నక్షాల్లో ఉండకపోవచ్చు, పాత కార్మికులకు మాత్రం గుర్తుంటాయి.

ఇక బలం సంగతి. యంత్రాలు మోసిన నేల సాధారణంగా గట్టిగానే ఉంటుంది. మోసం చేసేది కప్పే. చూడ్డానికి బరువైన ఇనుములా కనిపించే ట్రస్సును, అంటే కప్పును మోసే ఇనుప చట్రాన్ని, చాలాచోట్ల రేకులు, గాలి తాకిడి వరకే లెక్కగట్టి ఉంటారు. సోలార్ పలకలు ఫ్రేములతో కలిపి చదరపు మీటరుకు సుమారు 15 కిలోలు. 200 చదరపు మీటర్లంటే 3 టన్నులు. ఇంజనీరు లెక్క లేకుండా ఫాల్స్ సీలింగు కూడా వేలాడదీయొద్దు. స్తంభం అడుగున గచ్చు కొట్టి చూడండి, తుప్పు అక్కడే దాక్కుంటుంది. గీకి, మిగిలిన మందాన్ని అల్ట్రాసోనిక్ గేజితో కొలవాలి. దారికి అడ్డమని స్తంభాల మధ్య బిగించిన ఏటవాలు కమ్మీ ఒక్కటి కోసినా షెడ్డు గాలికి పక్కకు ఒరగొచ్చు. కాంక్రీటయితే తాజాగా పగలగొట్టిన ముఖం మీద ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లండి: గులాబీ రంగు వస్తే లోపలి ఇనుముకు రక్షణ ఉన్నట్టు, రంగు రాని పొర కమ్మీల దాకా చేరితే తుప్పు మొదలైనట్టే అనుకోవాలి.

సున్నంతో కట్టిన ఇటుక గోడకు సిమెంటు పూత వేయకండి. చెమ్మ బయటికి పోలేక ఇటుకనే తినేస్తుంది. ఇటుకల మధ్య సందుల్లోనూ సున్నమే నింపాలి.

జనం చేరే చోటు కాబట్టి ఎదురెదురు దిక్కుల్లో కనీసం రెండు ద్వారాలు, తలుపులు బయటికి తెరుచుకునేలా ఉండాలి. రోలింగ్ షట్టరును ద్వారంగా లెక్కించొద్దు, మోటారుదైతే కరెంటు పోగానే ఇరుక్కుంటుంది. ర్యాంపు వాలు 12 అడుగుల పొడవుకు 1 అడుగు ఎత్తు మించకూడదు. వైరింగు మొత్తం కొత్తదే.

చాలామంది మరిచేది ధ్వని. హాలు తెరిచాక మైకులో మాట అర్థం కాదని తెలిసేసరికి డబ్బు అయిపోయి ఉంటుంది. 30 మీటర్ల పొడవు, 15 వెడల్పు, 8 ఎత్తు ఉంటే ఘనపరిమాణం 3600 ఘనపు మీటర్లు. దాన్ని 0.161తో గుణించి, ధ్వనిని పీల్చే విస్తీర్ణంతో భాగిస్తే గూంజు (శబ్దం ఆగాక కూడా మోగుతూ ఉండడం) ఎన్ని సెకన్లో వస్తుంది. బోసి గోడలు, రేకులు కలిపి 120 చదరపు మీటర్ల పాటి పీలిస్తే 4.8 సెకన్లు, అందులో ప్రసంగం వినలేం. 1.5కి దించాలంటే ధ్వనిని పీల్చే మంచి పలకలు 330 చదరపు మీటర్లకు పైగా కావాలి. అంత బరువు కప్పు మోయలేకపోతే హాలు లోపలే ఓ చిన్న గది కట్టుకోండి, దాని బరువంతా నేల మోస్తుంది. వేడినీ చలినీ కాచుకోవాల్సింది అప్పుడు ఆ గదికే.

బ్రెజిల్‌లోని సావోపాలోలో సరుకు నింపే డ్రమ్ములు చేసిన పాత ఫ్యాక్టరీని మార్చే పనిని వాస్తుశిల్పి లీనా బో బార్డీ 1977లో చేపట్టారు. జనం అప్పటికే అక్కడ ఆడుకుంటున్నారని గమనించి, షెడ్లు కూల్చకుండా లోపలే గ్రంథాలయం, వర్క్‌షాపులు అమర్చారు. మీరూ ముందు ఒక్క భాగం భద్రం చేసి తెరవండి. ఒక వానాకాలం గడిచేసరికి ఎక్కడ కారుతుందో, జనం ఏ మూల చేరతారో తెలుస్తుంది. మిగతా నక్షా అప్పుడు గీయించండి.