కోరంగి మడ అడవి పక్కన రెండు రాత్రులు ఉండాలంటే

గది బుక్ చేసే ముందు లాంగ్ వీకెండ్ ఎప్పుడొచ్చిందో చూడకండి, గోడ మీద క్యాలెండర్‌లో తిథి చూడండి. కోరంగి వైపు వెళ్ళి ఉండి రావాలనుకునేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఇదే, ఆ మాటకొస్తే సగం మాట ఇదే. సెలవు కలిసొచ్చింది కదా అని బయల్దేరిపోతారు, తీరా పడవ ఎక్కే టైముకి కాలవలో నీళ్ళుండవు, "ఏముందండీ అక్కడ, బురదా దోమలూ" అని తిరిగొచ్చి పదిమందికీ చెబుతారు.

ఎక్కడో తెలియనివాళ్ళకి: కాకినాడ నుంచి యానాం వెళ్ళే 216 నంబరు హైవే మీద చొల్లంగి, కోరంగి, తాళ్ళరేవు మీదుగా వెళ్తుంటే ఎడమచేతి వైపు ముందు రొయ్యల చెరువులూ, వాటి వెనకాల సముద్రం దాకా ఈ అడవీ ఉంటాయి. గౌతమి పాయ సముద్రంలో కలిసేచోట మంచినీళ్ళూ ఉప్పునీళ్ళూ కలగలిసిన బురదలో పెరిగిన అడవి ఇది. 1978లో అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. రైల్లో వస్తే మెయిన్ లైన్ మీద సామర్లకోటలో దిగడం తేలిక, అక్కడి నుంచి కాకినాడ ఎంతో దూరం లేదు, కాకినాడలో యానాం బస్సు ఎక్కితే సరి.

టీవీలో చూపించే అమెజాన్ లాంటి వానకారడవి ఊహించుకుని మాత్రం రాకండి. ఇక్కడ ఆకాశాన్ని మూసేసే చెట్లుండవు. మెడ నొప్పి పుట్టేలా పైకి చూసే పని లేదు, చూడాల్సిందంతా కాళ్ళ దగ్గరే, బురదలోనే ఉంటుంది.

పోటూ పాటూ

రోజుకి రెండుసార్లు పోటు వస్తుంది, అంటే సముద్రపు నీళ్ళు కాలవల్లోకి ఎక్కుతాయి, రెండుసార్లు పాటు వస్తుంది, అంటే దిగిపోతాయి. ఇవాళ పొద్దున్న ఏడింటికి నిండు పోటు అయితే రేపు ఏడూ యాభై ప్రాంతంలో అవుతుంది, అలా రోజుకి ముప్పావుగంట పైనే వెనక్కి జరుగుతూ ఉంటుంది. అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ రెండు మూడు రోజులు నీళ్ళు బాగా ఎక్కుతాయి, బాగా దిగుతాయి. అష్టమి ప్రాంతంలో అంత ఊపుండదు. సన్నకాలవల్లోకి పడవ మీద వెళ్ళాలంటే పోటు నీళ్ళు కావాలి, పీతలూ పక్షులూ చూడాలంటే పాటు కావాలి, ఎందుకంటే నీళ్ళు దిగి బురద బయటపడ్డాకే కొంగలు మేతకి దిగుతాయి. అందుకని ఫోన్ చేసినప్పుడు "రూము ఖాళీ ఉందా" అని కాకుండా "ఫలానా తేదీన పొద్దున్న పోటు ఎన్నింటికండీ" అని అడగండి. టక్కున చెప్పగలిగితే వాళ్ళు నిజంగా ఆ నీళ్ళ మీద బతికేవాళ్ళు. "అదేం ప్రాబ్లమ్ లేదు సార్, ఎప్పుడైనా వెళ్ళొచ్చు" అంటే ఇంకో చోటు వెతుక్కోండి. సముద్రం సంగతులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో కూడా పోటు వేళలు దొరుకుతాయి గానీ సముద్రం దగ్గర చూపించిన టైముకి లోపలి కాలవల్లో నీళ్ళు ఎక్కవు, కాస్త ఆలస్యం అవుతుంది, ఆ లెక్క పడవాయనకే తెలుసు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు. ఒకసారి మా తోడల్లుడి కుటుంబంతో వెళ్ళాం. పడవ నడిపే పెద్దాయన ముందురోజు రాత్రే చెప్పాడు, "ఆరున్నరకల్లా ఎక్కేయాలండి, ఏడింటికి నిండిపోద్ది, తర్వాత పాటేనండి" అని. మేం పెసరట్టు ఉప్మా తిని, పిల్లలకి జడలేసి, సెల్ఫీలు దిగి ఎనిమిదిన్నరకి వచ్చాం. ఆయన మొహం చిట్లించాడు గానీ ఏమీ అనలేదు. పది గంటలకి ఒక సన్నకాలవలో పడవ అడుగు మెత్తగా ఆనుకుంది, గెడ వేసి తోస్తే గెడే బురదలో దిగిపోయింది. "బాబాయ్, ఇంజన్ వేస్తే రాదా" అన్నాను. "ఎంత వేసినా నీళ్ళు రావాలి కదండి" అని బీడీ వెలిగించాడు. నీళ్ళు పూర్తిగా దిగడానికి మూడు గంటలు, మళ్ళీ ఎక్కడానికి మూడు గంటలు. ఒక నీళ్ళ సీసా, ఒక బిస్కెట్ ప్యాకెట్, ఏడుగురు మనుషులు.

అయితే ఆ ఆరు గంటల్లో చూసినంత నేను ఇంకెప్పుడూ చూడలేదు, అది కూడా ఒప్పుకోవాలి. మొదట కాసేపు ఏమీ కనపడలేదు. మేం కదలకుండా కూర్చున్నాక ఒడ్డు మీది కన్నాల్లోంచి పీతలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి, బొటనవేలంత కూడా లేవు, ఒక చెయ్యి మాత్రం ఒంటికంటే పెద్దది, దాన్ని పైకెత్తి దించి, పైకెత్తి దించి, రమ్మని పిలుస్తున్నట్టు ఊపుతాయి. మా చిన్నది దగ్గిందో లేదో అన్నీ ఒక్కసారే మాయం. తర్వాత కళ్ళు నెత్తి మీదుండే చేపలు, వేలెడంతవి, రెక్కల్ని మోచేతుల్లా ఆనించి బురద మీద పాకుతూ గెంతుతూ వేళ్ళ మీదికి ఎక్కాయి. చేప చెట్టెక్కిందని మా వాడు ఇప్పటికీ స్కూల్లో చెబుతాడు, ఎవరూ నమ్మరట.

బుక్ చేసేటప్పుడు

ఎకో రిసార్ట్ అని బోర్డు పెట్టడానికి వెదురు తడికా, రెండు లాంతర్లూ చాలు. నిజంగా ఏముందో ఫోన్లోనే తేల్చుకోండి. బాత్రూం నీళ్ళు ఎక్కడికి పోతాయి, చెత్త ఏం చేస్తారు అని అడగండి. "కాలవ ఉంది కదండీ" అని అంటే ఫోన్ పెట్టేయండి. వాడే నీళ్ళు ఎక్కడివో కూడా కనుక్కోండి. ఇటువైపు బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్ళే, మంచినీళ్ళు ధవళేశ్వరం నుంచి కాలవల్లో వచ్చి చెరువుల్లో నింపుకున్నవే, వేసవిలో కాలవలు కట్టేశాక ఒక్కో బిందె లెక్కే. కాబట్టి షవర్ లేదని గొడవ పెట్టుకోకుండా బకెట్‌తో స్నానం చేయండి.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. రొయ్యల చెరువు ఎంత దూరంలో ఉందో తప్పకుండా అడగండి. రాత్రిపూట చెరువులో ప్రాణవాయువు తగ్గిపోతుందని ఏరియేటర్లు తిప్పుతారు, అవి తెల్లవార్లూ నీళ్ళని చిలుకుతూనే ఉంటాయి. నిశ్శబ్దం కోసం డబ్బులిచ్చి వచ్చి ఆ చప్పుడు వింటూ పడుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. వాళ్ళ తప్పేం కాదు, అది వాళ్ళ బతుకు. మీరే చెరువులకి దూరంగా ఉన్న గది చూసుకోవాలి. ఏసీ లేని గది అయితే మరీ మంచిది, ఏసీలోంచి కెమెరా బయటికి తెస్తే లెన్సు మీద పొగమంచు పట్టి పావుగంట పనికిరాదు.

ఏం తెచ్చుకోవాలి

బూట్లు వద్దు, మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు తెచ్చుకోండి. హవాయి చెప్పులైతే ఒకటి బురదలోనే ఉండిపోతుంది. పొడుగు చేతుల నూలు చొక్కాలు, లుంగీ, రెండు తుండుగుడ్డలు, టార్చి, స్టీలు సీసా, బైనాక్యులర్ ఉంటే బైనాక్యులర్. దోమలకి ఓడోమాస్ పనిచేస్తుంది. అసలు ఏడిపించేవి సాయంత్రం పూట కంటికి కనపడని నుసుములు, వాటికి కాళ్ళకీ చేతులకీ కొబ్బరినూనె దట్టంగా పట్టించడమే మా ఊళ్ళ పద్ధతి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోండి. బురద దగ్గర కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది, డ్రైనేజీ అనుకోకండి, గాలి ఆడని బురదలో ఆకులు కుళ్ళితే వచ్చే వాయువు అది.

అడవిలో

చెక్క వంతెన మీద నడిచేటప్పుడు కిందికి దిగొద్దు. బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి నిలబడినవన్నీ మడ చెట్టు వేళ్ళే, చెట్టు ఊపిరి తీసుకునేది వాటితోనే, మీరు కాలేస్తే అవి విరుగుతాయి, మీరూ మోకాలి దాకా దిగిపోతారు. తెల్ల మడ ఆకు ఒకటి తీసుకుని వెనక్కి తిప్పి నాలుక చివర పెట్టి చూడండి, ఉప్పగా ఉంటుంది, వేళ్ళు పీల్చిన ఉప్పుని ఆకుల్లోంచి బయటికి పంపేస్తుంది. అయితే పడవాయన ఇది తెల్ల మడే అని చూపిస్తేనే ఆ పని చేయండి, ఎందుకంటే పక్కనే తిల్ల చెట్టు ఉంటుంది. దాని కొమ్మ విరిస్తే పాలు కారతాయి, ఆ పాలు కంట్లో పడితే మంట అంతా ఇంతా కాదు, చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది. పొరపాటున పడితే నలపకుండా మంచినీళ్ళతో చాలాసేపు కడిగి నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పిల్లల్ని కొమ్మలు లాగనివ్వకండి.

బావురు పిల్లి కనపడుతుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మొద్దు. ఇంటి పిల్లికి రెండింతలుండి నీళ్ళలోకి దిగి చేపలు పట్టే ఈ పిల్లి రాత్రి తిరుగుతుంది, నేను ఇన్నిసార్లు వెళ్ళి అడుగులు మాత్రమే చూశాను. నీటి కుక్కలు నయం, గుంపుగా ఈదుతూ పొద్దున్నే ఒక్కోసారి కనిపిస్తాయి. నక్కలు ఎలాగూ రాత్రి వినపడతాయి. పక్షుల కోసమే వచ్చేవాళ్ళు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య రండి, వలస పక్షులుంటాయి, ఎండా తక్కువ. బ్లూటూత్ స్పీకర్లు ఇంట్లో పెట్టి రండి, దయచేసి. చిప్స్ ప్యాకెట్లు కూడా. గాలికెగిరి నీళ్ళలో పడిందంతా సముద్రంలోకి పోదు, పోటుతో వెనక్కి వచ్చి పాటప్పుడు ఆ పెన్సిల్ వేళ్ళకి తగులుకుని అక్కడే వేలాడుతుంది.

పడవ ఎక్కగానే లైఫ్ జాకెట్ అడిగి తీసుకుని బకిల్ పెట్టుకోండి, ఒళ్ళో పెట్టుకోవడం కాదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగింది ఎవరం మర్చిపోలేం. హోప్ ఐలాండ్ వెళ్ళాలంటే అటవీశాఖ వాళ్ళని ముందే అడగండి, అది కాలవ ప్రయాణం కాదు, కాకినాడ బే దాటాలి. గోదావరి తెచ్చిన మట్టీ ఇసకా మేట వేసి ఏర్పడిన సన్నటి పొడుగాటి దిబ్బ అది. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఆ ఇసకలో గుడ్లు పెడతాయి. తాబేలు పిల్లలు వెలుతురు ఎటుంటే అటే పరిగెడతాయి, మీ సెల్‌ఫోన్ టార్చిని సముద్రం అనుకుంటాయి, కాబట్టి లైట్లు వేయొద్దు.

భోజనం

ముందురోజే చెప్పండి, వండేవాళ్ళు పొద్దున్న పడినదాన్ని బట్టి వండుతారు, మెనూ కార్డు ఉండదు. చింతచిగురు రొయ్యలు దొరికే రోజుల్లో ఇంకేమీ అడక్కండి. మండపీత ఇగురు తినాలంటే ఓపిక కావాలి, తెల్లచొక్కా ఉండకూడదు. పీత అమావాస్యకి కండ పట్టి ఉంటుంది, వెన్నెల రోజుల్లో డొల్ల అని మా మేనత్త అంటుంది, నిజమో కాదో గానీ నేను అమావాస్యకే వెళ్తుంటాను, ఎలాగూ పోటు బాగుంటుంది. గుడ్లున్న పీతని వండమనకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట నిషేధం, అప్పుడొచ్చి పెద్ద చేప లేదేమని అలగకండి. పులస వరదనీళ్ళతో పాటే వస్తుంది, జులై, ఆగస్టుల్లో, అది తినాలంటే పుస్తెలు అమ్మాలని ఊరికే అనలేదు. వానాకాలంలో పడవ షికారు మాత్రం నమ్ముకోవద్దు.

తుపాను రోజులు

అక్టోబరు, నవంబరుల్లో బుక్ చేస్తే డబ్బులు వెనక్కి ఇస్తారో లేదో ముందే మాట్లాడుకోండి. అల్పపీడనం అంటే ఒక కన్నేసి ఉంచండి, వాయుగుండం అన్నారంటే ప్రయాణం మానుకోండి, కాకినాడ రేవులో మూడో నంబరు తుపాను హెచ్చరిక ఎగరేశాక అడిగేదేముంది. కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు, బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలు అనే పిలిచేవారు, 1839 తుపాను ఆ రేవుని తుడిచేసింది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి మా పెరట్లో ఒక్క కొబ్బరిచెట్టు మిగల్లేదు. ఇక్కడివాళ్ళు "వెళ్ళిపోండి బాబూ" అంటే బేరమాడకుండా సంచి సర్దుకోండి.

తిరిగి వెళ్ళేటప్పుడు బట్టలకంటిన బురదని అక్కడే కడగాలని చూడకండి, నల్లగా ఇంకా పాకుతుంది, మంచినీళ్ళూ దండగ. పేపర్లో చుట్టి ఇంటికి తెచ్చి, పూర్తిగా ఎండనిచ్చి, బ్రష్షుతో దులిపేశాక ఉతకండి. చెప్పులకీ అంతే.