వదలని దిగులు – 2వ పాఠం: రెండేళ్ల లెక్క

రోజూ పడుకునే ముందు ఆ రోజు మనసెలా ఉందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేయమని పోయిన పాఠంలో చెప్పాను. పుస్తకం తీసి చూడండి. 4, 3, 4, 4, 3, 4, 3. ఇలా ఉందా? ఒక్కరోజూ 1కి పడిపోలేదు, ఒక్కరోజూ 7కి చేరలేదు. ఈ పాఠం ఆ వరస గురించే.

తీవ్రమైన డిప్రెషన్ అయితే ఇంట్లోవాళ్లకి చాలావరకు తెలిసిపోతుంది. మనిషి మంచం దిగడు, తిండి మానేస్తాడు. ఈ వదలని దిగులు అలా కాదు. పనికి వెళ్తాం, బిల్లులు కడతాం, ఫొటో తీస్తుంటే నవ్వుతాం. అందుకే ఏళ్లు గడిచినా ఎవరికీ అనుమానం రాదు. మనం కూడా "నేను మొదటినుంచీ ఇంతే" అని సర్దుకుపోతాం. ఈ జబ్బు మనలో తిష్ట వేయడానికి ఆ ఒక్క మాట చాలు.

దీన్ని డిస్థీమియా అనేవారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం) దీనికి పర్సిస్టెంట్ డిప్రెసివ్ డిజార్డర్ అని పేరు పెట్టింది. ఈ జబ్బే అని తేల్చాలంటే పెద్దవాళ్లలో కనీసం 2 ఏళ్లు, పిల్లల్లో ఏడాది పాటు, బాగున్న రోజులకన్నా దిగులు రోజులే ఎక్కువుండాలి. ఆకలి, నిద్ర, ఓపిక, ఏకాగ్రత, తన మీద నమ్మకం, రేపటి మీద ఆశ. వీటిలో కనీసం రెండు దెబ్బతిని ఉండాలి. మధ్యలో 2 నెలలకు మించి తెరిపి ఉండకూడదు.

ఇప్పుడు కాగితం మీద అడ్డంగా ఒక గీత గీయండి. ఈ చివర ఈరోజు, ఆ చివర రెండేళ్ల కిందటి రోజు. ఏ కారణమూ లేకుండా హాయిగా అనిపించిన రోజుల దగ్గర చుక్కలు పెట్టండి. జ్ఞాపకాన్ని మాత్రం పూర్తిగా నమ్మొద్దు. దిగులుగా ఉన్న మనసుకి మంచి రోజులు ఒక పట్టాన గుర్తురావు. మిమ్మల్ని పదేళ్లుగా ఎరిగినవాళ్లని ఒకరిని కూర్చోబెట్టుకుని, "నేను ముందు ఎలా ఉండేదాన్ని?" అని అడగండి. జవాబు విని ఏడుపొచ్చినా ఫరవాలేదు.

ఆ కాగితాన్నే డాక్టర్‌కి చూపించండి. థైరాయిడ్ హార్మోన్ తగ్గినా, రక్తహీనత ఉన్నా ఇలాగే నీరసంగా ఉంటుంది కాబట్టి ముందు రక్తపరీక్షలు రాయవచ్చు. మందులు మొదలుపెడితే గుణం కనిపించడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. పది రోజులకే పనిచేయలేదని మానేయకండి. మందుతోపాటు కౌన్సెలింగ్ కూడా ఉంటే ఇంకా మంచిది.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం పాఠాలు పక్కన పెట్టి, ఈరోజే దగ్గరివాళ్లకి చెప్పి, వాళ్లని తోడు తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

వచ్చే పాఠానికి: అంకె పక్కనే ఆ రోజు చేసిన పని ఒకటి రాయండి, మొక్కకి నీళ్లు పోయడమైనా సరే.