ట్రెయిలర్ స్టెబిలైజర్ జాకీలకు మోటార్లు బిగించాక వచ్చే సమస్యలు, పరిష్కారాలు

కారు వెనుక తగిలించుకుని తీసుకుపోయే నివాస ట్రెయిలర్లు అమెరికాలో దశాబ్దాలుగా వాడుకలో ఉన్నా, మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఇప్పటికీ అరుదే. సొంతంగా తయారు చేయించుకున్నవారు కొందరున్నారు. లోపల నడిచినప్పుడు ట్రెయిలర్ ఊగకుండా నాలుగు మూలలా కత్తెర ఆకారపు స్టెబిలైజర్ జాకీలు ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా వంగి హ్యాండిల్‌తో తిప్పడం పెద్దవాళ్లకు కష్టం కనుక, 12 వోల్టుల గేర్ మోటార్లు బిగించుకోవాలనుకోవడం సహజమే. రేణిగుంట రోడ్డు వైపు ఆటో ఎలక్ట్రికల్ పని చేసే నా దగ్గరకు ఇలా మోటార్లు బిగించుకుని, తరువాత ఇబ్బంది పడి వచ్చినవారి బళ్లలో చూసిన లోపాలనే ఇక్కడ రాస్తున్నాను.

ఏ సమస్యకైనా మొదటి పరీక్ష ఒక్కటే. చక్రాలకు అడ్డం పెట్టి, బ్యాటరీ ప్లస్ వైరు విప్పి, మోటారును జాకీ స్క్రూ నుంచి వేరు చేసి, స్క్రూను హ్యాండిల్‌తో తిప్పి చూడాలి. చేతికే బిగుతుగా తగిలితే లోపం జాకీలో ఉంది, తేలికగా తిరిగితే మోటారులోనో వైరింగులోనో ఉంది. ఈ ఐదు నిమిషాల పని చేయకుండా మోటారు కాలిపోయిందని కొత్తది కొన్నవారిని నేను చూశాను. కొత్త మోటారు కూడా అదే చోట ఆగిపోయింది.

జాకీ నేలకు తాకే వరకు బాగానే దిగుతుంది, తాకగానే మోటారు మూలిగి ఆగిపోతుంది

ఎక్కువమంది తెచ్చే సమస్య ఇదే, దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది వాడకంలోని పొరపాటు. స్టెబిలైజర్ జాకీ పని ట్రెయిలర్‌ను ఎత్తడం కాదు, ఊగకుండా ఆపడం మాత్రమే. పల్లంలో నిలిపిన బండిని ఈ జాకీలతోనే మట్టానికి తేవాలని స్విచ్ నొక్కి పట్టుకుంటే, మోటారు తన శక్తికి మించిన బరువు మీద ఆగిపోయి విపరీతంగా కరెంటు లాగుతుంది, ఛాసిస్ కూడా మెలి తిరుగుతుంది. ముందు పల్లంగా ఉన్న వైపు చక్రం కింద పలక పెట్టి కుడి ఎడమలు సరిచేయాలి, తరువాత ముందు భాగంలోని ప్రధాన జాకీతో ముందు వెనుకలు సరిచేయాలి, ఆ తరువాతే స్టెబిలైజర్లు దించాలి. పాదం నేలకు గట్టిగా ఆనిన తరువాత మరొక్క చిన్న బిగింపు చాలు.

రెండో కారణం సన్నని వైరు. బ్యాటరీ ముందు భాగంలో ఉండి, వెనుక జాకీ ఏడు మీటర్ల దూరంలో ఉందనుకుందాం. పోయే వైరు, వచ్చే వైరు కలిపి పద్నాలుగు మీటర్లు. మోటారు బరువు మీద 20 ఆంపియర్లు లాగినప్పుడు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో దాదాపు మూడున్నర వోల్టులు దారిలోనే పోతాయి, అంటే మోటారుకు తొమ్మిది వోల్టులు చేరితే గొప్ప. అదే 6 చదరపు మిల్లీమీటర్ల వైరులో పోయేది ఒక వోల్టు లోపే. ఖాళీగా తిరిగేటప్పుడు మోటారు లాగే కరెంటు తక్కువ కనుక అప్పుడు ఈ లోపం బయటపడదు. అందుకే చాలామంది వైరును అనుమానించరు.

మల్టీమీటరుతో దీన్ని పట్టుకోవడం సులభం. జాకీ మీద బరువు పడి మోటారు కష్టపడుతున్న క్షణంలో, మీటరు ఒక మొనను బ్యాటరీ ప్లస్ మీద, మరొక మొనను మోటారుకు ప్లస్ అందే కొస మీద ఉంచితే ఆ దారిలో పోతున్న వోల్టులు నేరుగా కనిపిస్తాయి. బ్యాటరీ మైనస్‌కూ మోటారు రెండో కొసకూ మధ్య కూడా అలాగే చూడాలి. ఇంటి వైరింగులో మిగిలిన ముక్కలను ఇక్కడ వాడవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

ఎర్త్ వైపు, అంటే ఛాసిస్ మీదుగా బ్యాటరీ మైనస్‌కు తిరిగి చేరే దారిలో, లోపం ఎంత చిన్నగా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఒక ట్రెయిలర్‌లో ఎర్త్ వైపే దాదాపు రెండు వోల్టులు పోతున్నాయి. ఛాసిస్‌కు బిగించిన లగ్గును (వైరు కొసన ఉండే లోహపు రింగును) విప్పి చూస్తే దాని కింద నల్లరంగు చెక్కుచెదరకుండా గుండ్రంగా మెరుస్తోంది. ఇనుమును తాకుతున్నది బోల్టు మరలు మాత్రమే, వాటిమీద కూడా తుప్పు. రంగును ఇనుము తెల్లగా కనిపించేదాకా గరుకు కాగితంతో గీకి, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయగానే ఆ జాకీ ఆగకుండా దిగింది.

స్విచ్ నొక్కితే ఏ శబ్దమూ లేదు

బ్యాటరీ దగ్గరి ఫ్యూజు, కనెక్టర్లు, ఎర్త్, ఈ వరుసలో చూడాలి. విశ్రాంతిలో ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టుల పైన చూపుతుంది; 12 వోల్టులకు దిగితే దానిలో నాలుగో వంతు మాత్రమే మిగిలినట్లు లెక్క కనుక ముందు చార్జింగ్ పెట్టాలి.

ఒక దిక్కుకే తిరుగుతుంది. దిగుతుంది గాని పైకి రాదు

శాశ్వత అయస్కాంతం ఉన్న డీసీ మోటారుకు ప్లస్, మైనస్‌లు తారుమారు చేస్తే అది ఎదురు దిక్కుకు తిరుగుతుంది. ఆ తారుమారును పది ఆంపియర్ల చిన్న స్విచ్‌తో నేరుగా చేయిస్తే కాంటాక్టులు కొద్ది రోజుల్లోనే మాడిపోతాయి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే విద్యుత్ స్విచ్; చేతి స్విచ్‌ను ఐదు పిన్నుల రిలేలు రెండింటిని నడపడానికి మాత్రమే వాడాలి. మోటారు రెండు కొసలూ రెండు రిలేల మీద 30 అంకె ఉన్న పిన్నులకు, 87కు ఫ్యూజు ద్వారా ప్లస్, 87ఏకు ఎర్త్ ఇస్తే, ఏ రిలే పనిచేస్తే ఆ దిక్కుకు మోటారు తిరుగుతుంది. ఏదీ నొక్కనప్పుడు రెండు కొసలూ ఎర్త్ మీదే ఉంటాయి కనుక మోటారు వెంటనే నిలిచిపోతుంది కూడా.

ఈ అమరికలో ఒక దిక్కు పనిచేయకపోతే రెండు రిలేలను ఒకదాని స్థానంలో మరొకటి పెట్టి చూడాలి. లోపం కూడా దిక్కు మారితే ఒక రిలే పోయినట్లే. మారకపోతే వైరునో స్విచ్‌నో చూడాలి. విద్యుత్ వైపు అంతా బాగుండి కూడా పైకి రాకపోతే, దించేటప్పుడు అతిగా బిగించడం వల్ల స్క్రూ పట్టేసిందన్నమాట. హ్యాండిల్‌తో అర చుట్టు వదులు చేసి, తరువాత మోటారు వాడాలి.

మధ్యలో ఆగిపోయి, కాసేపటికి తనంతట తానే మళ్లీ పనిచేస్తుంది

వేడికి తెగి, చల్లారాక మళ్లీ కలిసే బ్రేకరు ఉన్న మోటార్లలో ఇది జరుగుతుంది. బ్రేకరు తన పని తాను చేస్తోంది, దాన్ని తప్పించి నేరుగా వైరు కలపకూడదు. ఇవి ఎడతెరిపి లేకుండా తిరిగే మోటార్లు కావు, పైగా మన ఎండాకాలంలో నలభై డిగ్రీల పైన ఛాసిస్ కింద వేడి మామూలుగా ఉండదు. నాలుగు జాకీలను వరుసగా దించేటప్పుడు మధ్యలో కొంత విరామం ఇవ్వాలి. అయినా ఆగితే కారణం స్క్రూ బిగుతు.

స్క్రూ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఒక కార్తీకమాసంలో, వానలు వెలిసిన తరువాత, చిత్తూరు దగ్గరి మామిడితోటలో కొన్నాళ్లు నిలిపిన ట్రెయిలర్ నా దగ్గరకు వచ్చింది. వెనుక ఎడమ జాకీ పాదం ఎర్రమట్టిలో నాలుగు వేళ్ల లోతు దిగిందట. పైకి తీశాక స్క్రూకు దట్టంగా పూసిన గ్రీజు మట్టితో కలిసి, మరల సందుల్లో ఇటుకపొడి బంకలా గట్టిపడి ఉంది. వేలితో గీకితే గరగరమంది. ఆ ఇసుక రేణువులు మరలను అరగదీస్తూనే మోటారు మీద బరువు పెంచుతాయి. కిరోసిన్‌తో తడిపి, ఇనుప తీగల బ్రష్‌తో రుద్ది, గుడ్డతో పూర్తిగా ఆరేలా తుడిచి, మోటారు లేకుండానే హ్యాండిల్‌తో రెండుసార్లు పూర్తిగా దించి ఎత్తించాను. మన దుమ్ముకు గ్రీజు కంటే, ఆరిపోయి పొరలా నిలిచే డ్రై లూబ్రికెంటు మేలని నా అభిప్రాయం. మెత్తని నేల మీద నిలిపినప్పుడు పాదం కింద అడుగు వెడల్పు మందపు చెక్కపలక వేస్తే ఆ జాకీ అంత లోతుకు దిగేదే కాదు.

ఫ్యూజు పదేపదే పోతుంది

జాకీ పూర్తిగా ముడుచుకున్న తరువాత కూడా స్విచ్ వదలకపోవడం సాధారణ కారణం. పై చివర లిమిట్ స్విచ్ (జాకీ చివరకు చేరగానే మోటారును తనంతట తానే ఆపే స్విచ్) పెట్టడం దీనికి మంచి మందు. కత్తెర కదిలేచోట వైరు నలిగి ఛాసిస్‌కు తగలడం రెండోది. అక్కడ వైరును గొట్టంలో నడిపి కొంత వదులు ఉంచాలి. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి కనుక, దాని స్థానంలో పెద్దది పెట్టడం గాని రాగి తీగ చుట్టడం గాని ట్రెయిలర్‌కు నిప్పు పెట్టడంతో సమానం.

మోటారు తిరుగుతుంది, జాకీ కదలదు

మోటారును స్క్రూతో కలిపే కప్లింగ్ మర వదులైంది, లేదా దాని పిన్ను తెగింది. మోటారు కంటే ముందు తెగాలనే ఆ పిన్ను మెత్తగా ఉంటుంది. దాని బదులు గట్టి స్టీలు బోల్టు వేస్తే తరువాత తెగేది గేరు పళ్లే. అలాంటి సమయంలో చేత్తో తిప్పడానికి స్క్రూ కొసన ఉన్న షట్కోణపు తల అందుబాటులో ఉండేలా మోటారును బిగించాలి. చాలా జాకీలలో ఆ తలకు ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్ల సాకెట్ సరిపోతుంది. ఆ సాకెట్టూ హ్యాండిలూ ట్రెయిలర్ తలుపు పక్కనే ఉండాలి.