పడుతుంటే పట్టుకోకండి: ఇంట్లో మనిషంత రోబోను నడిపించేవాళ్లకు జాగ్రత్తలు

పోయిన నెల నా స్నేహితుడి ఎడమచేతి వేళ్లు రెండు నలిగిపోయాయి. మూడేళ్లుగా ఇంట్లో చేసుకుంటూ వస్తున్న రోబో అది. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 48 కిలోలు. ఆ రోజు పడిపోకుండా పైనుంచి తాడు కట్టి నడిపిస్తే ఏడు అడుగులు తడబడకుండా వేసింది. ఆ సంతోషంలో, వీడియోలో తాడు కనబడితే బాగుండదని కొక్కెం విప్పేశాడు. రెండో అడుగుకే అది ఎడమవైపు ఒరిగింది. కుడిచేతిలో ఎమర్జెన్సీ బటన్ ఉంది, నొక్కాడు. ఎడమచేయి మాత్రం తనకు తెలియకుండానే రోబో తొడ వెనక్కి వెళ్లిపోయింది. మోటార్లకు కరెంటు ఆగింది, మోకాలు కత్తెరలా మూసుకుంది, తొడకూ పిక్కకూ మధ్య వేళ్లు ఇరుక్కున్నాయి. నేను ఆ గదిలోనే ఉన్నాను. ఎత్తుదామంటే ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. ఎక్కడ చేయి వేసినా వైరో, మోటారో, పదునైన అంచో తగులుతోంది. చివరికి నడుము దగ్గర అల్యూమినియం పట్టీ దొరికింది. ఎముకలు అతుక్కుంటున్నాయి కానీ ఉంగరపు వేలు ఇంకా పూర్తిగా మడవలేకపోతున్నాడు.

ఇక కాళ్ల మీద నిలబెడదాం అనే దశకు వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కళ్లద్దాలు పెట్టుకోండి, టంకం వేసేటప్పుడు కిటికీ తెరవండి లాంటివి మీకు తెలుసు. వాటి జోలికి పోను.

అసలు తప్పు ఇదీ

పడుతున్న రోబోను పట్టుకోబోవడం. నా ఎరుకలో దెబ్బలు తగిలించుకున్నవాళ్లలో ఎక్కువమంది చేసింది ఇదే. కోడ్ రాయడం రాక కాదు, వైరింగ్ తప్పి కాదు. నెలల కష్టం కళ్లముందు కూలుతుంటే చేయి దానంతట అదే ముందుకు వెళ్తుంది.

పడటం మొదట్లో నెమ్మదిగా ఉంటుంది. అందుకే అందుకోగలం అనిపిస్తుంది. ఆ తర్వాత వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. 160 సెంటీమీటర్ల కర్రను నిలువుగా నిలబెట్టి వదిలేస్తే దాని పైకొన నేలను తాకేది గంటకు దాదాపు 25 కిలోమీటర్ల వేగంతో. రోబో తల కూడా ఇంచుమించు అంతే. పైగా కర్ర ఊరికే పడుతుంది, రోబో ఊరికే పడదు. నిలదొక్కుకోవాలని కాలు విసురుతుంది, నడుము తిప్పుతుంది. మోకాలి వెనక, గజ్జలో, చంకలో, చీలమండ ముందు, ప్రతి కీలూ ఒక కత్తెరే.

ఆ కత్తెరకు ఎంత బలం ఉంటుందో లెక్క వేసి చూడండి. 48 కిలోల బరువు ఒంటికాలి మీద ఉండి, ఆ బరువు మోకాలికి 20 సెంటీమీటర్లు వెనక్కి పడితే, మోకాలి మోటారు మోయాల్సిన టార్క్, అంటే తిప్పే బలం, దాదాపు 94 న్యూటన్ మీటర్లు. బొమ్మ రోబోల్లో వాడే 25 కేజీ-సెంటీమీటర్ల సర్వో అనే చిన్న మోటారు ఇచ్చేది రెండున్నర. అంత మోయగల మోటారుకు మీ వేలు అడ్డుపడిందన్న సంగతి కూడా తెలియదు.

మనల్ని పాడు చేసింది ఆ చిన్న రోబోలే అని నాకు గట్టి నమ్మకం. అందరం మోకాలెత్తు రోబోతోనే మొదలుపెడతాం. అది పడబోతే చటుక్కున పట్టుకుంటాం. అలా వందలసార్లు పట్టుకున్న చేయి పెద్దదాని దగ్గరా అదే పని చేస్తుంది. కానీ అదే ఆకారాన్ని రెట్టింపు ఎత్తు చేస్తే బరువు ఎనిమిది రెట్లు, కీళ్లకు కావాల్సిన టార్క్ పదహారు రెట్లు అవుతుంది. 1986లో కాళ్లతో మొదలుపెట్టిన హోండా కంపెనీ 1996లో చూపించిన పీ2 రోబో ఎత్తు 182 సెంటీమీటర్లు, బరువు 210 కిలోలు. 2000లో వాళ్ల తర్వాతి రోబో అసిమో వచ్చేసరికి ఎత్తును 120 సెంటీమీటర్లకు దించారు. ఇంట్లో చేసేవాళ్లు ముందు నడుము దాకా కాళ్లు మాత్రమే చేసి, పైన ఇసుక సంచి కట్టి నడిపించండి. చేతులూ తలా తర్వాత.

మళ్లీ చెప్తున్నాను. పడుతుంటే పట్టుకోకండి. చేతులు కట్టుకుని, వీలైతే జేబుల్లో పెట్టుకుని నిలబడండి. మా గదిలో ఇప్పుడు అదే నియమం.

తాడు

అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా పెట్టిన రోబోల పోటీ, రోబోటిక్స్ ఛాలెంజ్. 2013లో ఫ్లోరిడాలో జరిగిన దాని ట్రయల్స్‌లో రోబోలకు పైనుంచి రక్షణ తాడు ఉంది. 2015 జూన్‌లో కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగిన ఫైనల్స్‌లో తాడు తీసేశారు. పేరున్న బృందాలు చేసిన రోబోలు తలుపు దగ్గర, మెట్ల మీద, చదునైన నేల మీద కూడా దబ్బున పడ్డాయి. గెలిచిన దక్షిణ కొరియా విశ్వవిద్యాలయం కైస్ట్ బృందం రోబో నడక అవసరం లేని చోట మోకాళ్లు వంచి చక్రాల మీద వెళ్లింది. అంతటివాళ్లకే అలా ఉంటే, ఇంటి గదిలో తాడు విప్పే తొందర ఎందుకు?

ఫ్యాన్ కొక్కేనికి వేలాడదీయకండి. ఫ్యాన్ ఊరికే వేలాడుతుంది, రోబో పడి ఆగుతుంది. 30 సెంటీమీటర్లు పడి 3 సెంటీమీటర్లలో ఆగితే ఆ తాడు మీద పడే లాగుడు దాని బరువుకు పదకొండు రెట్లు. 48 కిలోలది అర టన్ను దాటుతుంది. అందుకని నేల మీద నిలిచే ఇనుప ఫ్రేమ్ కావాలి, తాడు వదులు నాలుగు వేళ్ల వెడల్పు మించకూడదు, మధ్యలో కొంచెం సాగే పట్టీ ఉండాలి. రెండు భుజాలకూ కట్టండి. మెడకు, తలకు కట్టవద్దు.

తాడు ఉంది కదా అని దగ్గరికీ వెళ్లవద్దు. 2025లో తాడుకు వేలాడుతున్న ఓ మనిషంత రోబో ఉన్నట్టుండి చేతులూ కాళ్లూ విసిరేసిన వీడియో చాలామంది చూసే ఉంటారు. పాదాలు నేలకు ఆనకుండా బ్యాలెన్స్ కోడ్ ఆన్ చేస్తే ఇలాంటిది ఎప్పుడైనా జరగవచ్చు. కోడ్ ఒక సవరణ చేస్తుంది, దానికి ఫలితం కనబడదు, ఇంకా పెద్ద సవరణ చేస్తుంది, అలా పెంచుకుంటూ పోతుంది.

బటన్

చక్రాల బండికి ఎమర్జెన్సీ బటన్ అంటే ఆగిపోవడం. రెండు కాళ్ల రోబోకు బటన్ అంటే కూలిపోవడం. నా స్నేహితుడి వేళ్లు నలిగింది బటన్ పనిచేయక కాదు, చక్కగా పనిచేయడం వల్లే. కాబట్టి రెండు బటన్లు పెట్టండి. మొదటిది మోటార్లను బ్రేక్ స్థితిలోకి తెచ్చి, రోబో మెల్లగా కుంగేలా చేయాలి. రెండోది కరెంటు పూర్తిగా కోసేయాలి. కంప్యూటర్‌కు మాత్రం వేరే బ్యాటరీ ఉంచండి, లేకపోతే ఎందుకు పడిందో చెప్పే రికార్డు కూడా దాంతోపాటే పోతుంది. కరెంటు కోసే చోట బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటుకు తగిన కాంటాక్టర్, అంటే పెద్ద కరెంటును కోసే స్విచ్, వాడండి. ఇంటి గోడకుండే మామూలు లైటు స్విచ్ వాడితే 50 వోల్టుల డీసీకి లోపల నిప్పురవ్వ ఆరకుండా నిలిచి, స్విచ్ అతుక్కుపోతుంది.

బటన్ పట్టుకున్న మనిషికి వేరే పని ఉండకూడదు. ఫోన్‌లో వీడియో తీస్తూ బటన్ పట్టుకోవడం అస్సలు వద్దు.

ఇక మిగిలినవి వరసగా చెప్పుకుపోతాను.

– ఒంటరిగా ఉన్నప్పుడు మోటార్లకు కరెంటు ఇవ్వకండి.

– రోబో ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో నేల మీద రంగు టేపుతో గీత వేయండి. మోటార్లు ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ గీత లోపలికి ఎవరూ అడుగు పెట్టకూడదు. మీరు కూడా.

– ఎత్తడానికి నడుముకు రెండువైపులా గట్టి హ్యాండిళ్లు బిగించండి. అవసరం పడిన రోజు వెతుక్కునే టైం ఉండదు.

– మొదటిసారి ఆన్ చేసేటప్పుడు కరెంటు పరిమితి పదో వంతుకు తగ్గించండి. కీలు ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడర్ ఒక్కదాని దిశ తిరగబడి ఉన్నా, దాని సున్నా జరిగి ఉన్నా, కాలు తన్నినట్టు లేస్తుంది.

– కంప్యూటర్ నుంచి ఆదేశం ఆగిపోతే మోటారు పాత ఆదేశాన్నే పట్టుకుని ఉండకూడదు. సెకనులో ఇరవయ్యో వంతు దాటగానే దానంతట అదే బ్రేక్‌లోకి వెళ్లాలి.

– కోడ్‌లో పెట్టిన హద్దును నమ్మవద్దు. ప్రతి కీలుకూ లోహపు అడ్డు ఉండాలి. మోకాలు మూసుకున్నా వేలు పట్టేంత సందు మిగిలేలా ఆ అడ్డు పెట్టండి.

– మోటారును పట్టి ఉంచే భాగాలను 3డీ ప్రింటర్లలో వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేయవద్దు. 60 డిగ్రీల దగ్గర అది మెత్తబడుతుంది, మోటారు అంతకు మించి వేడెక్కుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది, నడుస్తుండగా జారుతుంది.

– పడినప్పుడు కీళ్లు మోటార్లను తిప్పుతాయి, మోటార్లు కరెంటును వెనక్కి తోస్తాయి. ఆ వోల్టేజీని మింగే బ్రేక్ రెసిస్టర్ లేకపోతే మోటార్లను నడిపే డ్రైవర్ బోర్డులు కాలిపోతాయి.

– లిథియం బ్యాటరీని గట్టి పెట్టెలో, నడుము లోపల పెట్టండి. రోబో పడ్డాక బ్యాటరీ తీసి, ఇంటి బయట, మంట అంటుకోని చోట ఉంచి గమనించండి. దెబ్బతిన్న సెల్ గంటల తర్వాత కూడా అంటుకోవచ్చు. ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జ్ చేయవద్దు. నిద్రపోతూ ఛార్జింగ్ పెట్టవద్దు.

– పడిపోయిన రోబో ఇంకా ఆగినట్టు కాదు. కరెంటు కోసి, కాంటాక్టర్ తెరుచుకుందని లైటు చూసి, పది లెక్కపెట్టి, అప్పుడు దగ్గరికి వెళ్లండి.

– వదులు చొక్కాలు వద్దు. ఉంగరాలు వద్దు. జుట్టు ముడి వేయండి.

– పిల్లలు గదిలో ఉంటే టెస్ట్ లేదు. తలుపు దగ్గర నిలబడి చూస్తాం అన్నా లేదు.

– అలసిపోయినప్పుడు ఆపేయండి. "ఇంకొక్కసారి" అనిపించినప్పుడు తప్పకుండా ఆపేయండి. నా స్నేహితుడిదీ ఆ రాత్రి ఇంకొక్కసారే.

– వీడియో కోసం తాడు విప్పవద్దు.

– చుట్టాలకు చూపించడానికి తాడు విప్పవద్దు.

– వేలు ఇరుక్కుంటే మోటారును కోడ్‌తో వెనక్కి తిప్పబోకండి. ముందు కరెంటు కోయండి, బరువు ఎత్తండి. మోటారు వేగాన్ని బాగా తగ్గించే ఎక్కువ రేషియో గేర్‌బాక్స్ అయితే బలంతో తెరుచుకోదు, కీలు బోల్టు విప్పాల్సిందే. దానికి సరిపడే అలెన్ కీని ఫ్రేమ్‌కే దారంతో కట్టి ఉంచండి, రెండో మనిషికి అది ఎక్కడుందో చూపించండి.

– పడుతుంటే పట్టుకోకండి. కొత్త గేర్‌బాక్స్ వేసిన రోజైనా సరే, తలలో ఖరీదైన కెమెరా ఉన్నా సరే. ఈ మాట రాసి, నిలబడి చూసే చోట ఎదురుగా గోడకు అంటించండి.