రేకు మీద వెనీర్ ఊడొస్తోందా? ముందు దాన్ని తిరగేసి చూడండి

ఊడిన వెనీర్ (పలచటి చెక్క పొర) ముక్కను పారేసి కొత్త జిగురు కొనే ముందు దాని వెనక వైపు చూడండి. తప్పు ఎక్కడ జరిగిందో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. జిగురంతా వెనీర్‌కే ఉండి లోహం నున్నగా మెరుస్తుంటే అది లోహాన్ని పట్టుకోలేదు. లోహానికే ఉండిపోతే చెక్కకు సరిపడా అందలేదు. రెండు వైపులా తీగలా సాగుతుంటే ఇంకా ఆరలేదు. లోహం మీద చెక్క నార అతుక్కుని ఉంటే మాత్రం జిగురుది తప్పు కాదు, చెక్కే తెగింది.

లోహం నున్నగా ఉంది, జిగురంతా వెనీర్‌కే ఉంది

ఎక్కువ మందికి ఎదురయ్యేది ఇదే. మొదటి అనుమానం తెల్ల వుడ్ గ్లూ మీద. అందులోని నీరు బయటికి పోతేనే అది గట్టిపడుతుంది. రెండు చెక్కల మధ్య అయితే రెండూ ఆ నీటిని పీల్చుకుంటాయి. లోహం చుక్క కూడా పీల్చుకోదు. దాంతో తడంతా వెనీర్‌లోకే ఎక్కి అది ఉబ్బుతుంది, ఇనుమైతే తుప్పు కూడా పడుతుంది. ప్లైవుడ్ మీద ఎంత బాగా పనిచేసినా ఇక్కడ దాన్ని పక్కన పెట్టి, రెండు భాగాలు కలిపే ఎపాక్సీ తీసుకోండి. ఐదు నిమిషాల రకం వద్దు, నెమ్మదిగా గట్టిపడే రకమే బలం.

ఎపాక్సీ వాడినా ఊడిందంటే కారణం జిడ్డు. కంటికి శుభ్రంగా కనిపించే రేకు మీద కూడా తయారీ నూనె, వేలిముద్రలు ఉంటాయి. ముందు ఎసిటోన్‌తో తుడవండి, తర్వాత 80 నుంచి 120 నంబర్ ఎమరీ పేపర్‌తో గరుకు చేయండి, ఆ పొడిని మళ్లీ ఎసిటోన్‌తో తీసేయండి. ఈ వరుస మార్చొద్దు. ముందే రుద్దితే జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది. ప్రతిసారీ కొత్త గుడ్డ వాడండి, కిటికీలు తెరవండి, దగ్గర్లో మంట ఉండకూడదు. చివరగా కాస్త నీళ్లు పోయండి. పలచటి పొరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు, ముత్యాల్లా విడిపోతే మళ్లీ మొదటికి. తడి పూర్తిగా ఆరాక వెంటనే అంటించండి, ముఖ్యంగా అల్యూమినియం అయితే. దాని మీద ఆక్సైడ్ పొర వెంటనే మళ్లీ ఏర్పడుతుంది.

రేకుకు పెయింట్ ఉంటే గీకేయండి. లేదంటే మీ అతుకు బలం ఆ పెయింట్ పట్టు ఎంతో అంతే.

జిగురు లోహం మీదే ఉండిపోయింది

క్లాంప్ బిగించేటప్పుడు ఉత్సాహం ఎక్కువైతే ఎపాక్సీ అంతా పక్కలకు కారిపోతుంది. దానికి ఒత్తిడి కన్నా ఒక పలచటి పొర మిగలడం ముఖ్యం. ముందుగా వెనీర్ వెనక వైపు కాస్త ఎపాక్సీ పూసి, అది పీల్చుకున్నాక రెండో పొర వేయండి. తర్వాత చదునైన బల్ల, సమంగా బరువు, బరువుకూ వెనీర్‌కూ మధ్య ప్లాస్టిక్ షీట్ చాలు.

పాలిష్ వేశాక బుడగలు లేచాయి

ఇది రెండు వైపులా పూసి అంటించే రబ్బర్ గమ్ దగ్గర వచ్చే గొడవ. అంటించిన రోజు అద్భుతంగా ఉంటుంది, మనమూ మురిసిపోతాం. తర్వాత థిన్నర్ కలిపిన పాలిష్ పలచటి వెనీర్ గుండా దిగి కింద గమ్‌ను మెత్తబరుస్తుంది. తడి ఆరకముందే రెండూ కలిపేసినా, ఎండ వేడి తగిలినా ఇదే ఫలితం.

చిన్న బుడగైతే పైన గుడ్డ వేసి, తక్కువ వేడి ఇస్త్రీపెట్టెతో నొక్కి, చల్లారేదాకా బరువు పెట్టండి. లొంగకపోతే గ్రెయిన్ (చెక్క నార దిశ) వెంబడి బ్లేడుతో సన్నగా కోసి, సిరంజితో ఎపాక్సీ ఎక్కించి అదమండి. అడ్డంగా కోస్తే గాటు దాగదు. ఈసారి వెనక కాగితం పొర ఉన్న వెనీర్ తీసుకోండి, గమ్ వేలికి అంటనంత ఆరాకే కలపండి, చేత్తో కాకుండా రోలర్‌తో మధ్య నుంచి అంచులకు నొక్కండి.

అంచులు లేస్తున్నాయి, చీలికలు వస్తున్నాయి

చెక్క గాలిలోని తేమను బట్టి నారకు అడ్డంగా సాగుతుంది, ముడుచుకుంటుంది. లోహానికి తేమతో పనిలేదు, వేడికే కదులుతుంది. మీటరు పొడవున్న అల్యూమినియం 30 డిగ్రీల తేడాకు దాదాపు 0.7 మి.మీ. పెరుగుతుంది, ఉక్కు అందులో సగం. ఈ లాగులాటలో పెళుసు జిగురు ముందుగా ఓడిపోతుంది. అందుకే సూపర్ గ్లూ చిన్న చిన్న ముక్కలకు తప్ప పనికిరాదు. పెద్ద పలకకు కాస్త సాగే గుణమున్న పాలీయురేతేన్ గానీ, టఫెన్డ్ (పెళుసుతనం తగ్గించిన) ఎపాక్సీ గానీ మేలు. వెనీర్‌ను వాడబోయే గదిలోనే కొన్ని రోజులు ఉంచండి. పలచటి రేకు వంగుతుంటే రెండో వైపు కూడా వెనీర్ వేయాల్సిందే.

ఎపాక్సీ రెండు రోజులైనా జిగటగానే ఉంది

గది చల్లగా ఉంటే వెచ్చగా పెట్టి చూడండి. రెండు భాగాల కొలత తప్పితే మాత్రం ఎంత ఆగినా లాభం లేదు, గీకి, ఎసిటోన్‌తో తుడిచి మళ్లీ చేయాలి. హార్డెనర్ (ఎపాక్సీని గట్టిపరిచే భాగం) ఎక్కువ పోస్తే త్వరగా ఆరుతుందనుకుని నేనూ ఒక పలక పాడుచేశాను.

వెనీర్ మీద నల్ల మరకలు

ఓక్, వాల్‌నట్ వంటి చెక్కల్లో ఉండే టానిన్ అనే సహజ పదార్థం, లోహంలోని ఇనుము, తడి మూడూ కలిస్తే నలుపే. ఆక్సాలిక్ యాసిడ్‌తో మరక పోతుంది కానీ కింద ఇనుము తెరిచి ఉంటే మళ్లీ వస్తుంది. కొత్తగా చేసేటప్పుడు ఉక్కు మీద ముందే పలచగా ఎపాక్సీ పూసి, గట్టిపడ్డాక గరుకు చేసి, దాని మీద అంటించండి.

పెద్ద పలక మొదలుపెట్టే ముందు అదే లోహం, అదే వెనీర్, అదే జిగురుతో అరచేయంత ముక్క చేసి వారం ఆగండి. ఉలితో లేపండి. రేకు మీద చెక్క నార మిగిలితే పని మొదలుపెట్టొచ్చు.